యమున తాగిన ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. కంచుదాన్ని. పెద్దవాళ్ళ అరచేతిలో ఇమిడిపోతాను. ఒకవైపు గుండ్రంగా ఉండి, రెండోవైపు సాగి, కొసన సన్నటి కాలువలాంటి ముక్కు ఉంటుంది నాకు. పసిపిల్లల నోట్లో పాలు, ఆముదం, వస అరగదీసిన ఉగ్గు పోయడానికి నన్ను చేశారు. అంతకన్నా గొప్ప పని నాకు రాదు. చిన్న పనే గాని, అది చేసేటప్పుడు మనుషుల ముఖాలు బాగా దగ్గరగా కనిపిస్తాయి.

శ్రీకాకుళం వైపు బుడితిలో పుట్టాను. పగిలిన కంచాలు, మోగడం మానేసిన గంటలు కరిగించి గవరయ్య అనే ఆయన నన్ను పోతపోశాడు. అచ్చులోంచి తీసేసరికి నా ముక్కు ఉండాల్సినదానికన్నా వేలి కణుపంత పొడుగొచ్చింది. అరగదీద్దామని ఆకురాయి పట్టుకున్నాడు. అంతలో వీధిలోంచి ఎవరో కేకేశారు. వెళ్ళి వచ్చాక ఆ సంగతి మరిచిపోయి నన్ను అమ్మకం బుట్టలో పడేశాడు. మనుషులు నుదుటిరాత అనేవాటిలో చాలాభాగం ఇలాంటివేనని తర్వాత తర్వాత నాకు తెలిసింది.

నన్ను కొన్నది సుందరమ్మ. ఆమె భర్త నెల్లిమర్ల వైపు గోనెసంచుల మిల్లులో పనిచేసేవాడు. నలుగురు పిల్లల్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ముక్కు మూసి, నాతో ఆముదం పట్టించింది. ఆ నలుగురూ నన్ను చూస్తే ఏడ్చేవారు. పెద్దయ్యాక ఆ నలుగురే, మా చిన్నప్పుడు ఎంత ఆరోగ్యంగా ఉండేవాళ్ళం అని నన్ను చూపించి మురిసిపోయేవారు.

సుందరమ్మ తర్వాత ఆమె కోడలు నరసమ్మ చేతికి వచ్చాను. నరసమ్మ నాతో ఒక్క కొడుకునే పెంచింది. అతని పేరు దాలినాయుడు. అతనికి ఏడాది నిండేలోపే ఇంట్లోకి రబ్బరు పీక ఉన్న పాలసీసా వచ్చింది. నాకు పని పోయింది. నరసమ్మ బట్టలు కుట్టేది. నా ముక్కు పొడుగు కాబట్టి కుట్టుమిషను లోపలి చిల్లులకు బాగా అందుతుందని కనిపెట్టి, నాలో మిషను నూనె పోసింది. ఇరవై ఆరేళ్ళు అదే నా ఉద్యోగం. దానికి బాధపడ్డానని చెప్పను. మిషను ఏడవదు, పొలమారదు.

ఆ కొలువులోంచి నన్ను లేపింది దాలినాయుడికి పుట్టిన ఆడపిల్ల.

అప్పటికి దాలినాయుడు ఒక బడికి వ్యాను నడిపేవాడు. అతని భార్య హైమ. పదో తరగతి చదివింది, నెమ్మదస్తురాలు, మాట పడితే తిరిగి అనదు. విజయనగరం ఆసుపత్రిలో ఆమెకు తొలికాన్పు అయింది. నాలుగో రోజు పొద్దున్నే నరసమ్మ ఒక్కతే ఇంటికి వచ్చి, మిషను సొరుగులోంచి నన్ను తీసి, చింతపండు, బూడిద వేసి తోమడం మొదలెట్టింది. పక్కింటి పార్వతమ్మ గోడమీంచి పలకరించింది.

"ఏటప్పా, ఎలగున్నాది గుంట?"

నరసమ్మ తోముతూనే చెప్పింది. "గ్రహణం మొర్రితో పుట్టినాది. పై పెదవి ముక్కుదాకా సీలిపోయి ఉన్నాది. నోరు తెరిస్తే లోన అంగిలి లేదు, బిలమే. పాలు పీల్సలేకపోతంది. సీసా పెడితే ముక్కులోంచి వచ్చేస్తన్నాయి. పుట్టినప్పటి బరువు కూడా నేదిప్పుడు."

"గ్రహణం పూట నీ కోడలు బయటికొచ్చి ఉంటాది. కూర తరిగి ఉంటాది."

నరసమ్మ తోమడం ఆపింది. అదే మాట ఆసుపత్రిలో తనూ అన్నదని ఆ ముఖం చూస్తే నాకు తెలిసింది. లోపలికెళ్ళి గోడనున్న కాలెండరు తీసి, వెనక్కి వెనక్కి తిప్పింది. పోయిన యేడుది కూడా మేకుకే ఉంది, అదీ తిప్పింది. కోడలు కడుపుతో ఉన్న నెలల్లో కంటికి కనిపించే గ్రహణం ఒక్కటీ లేదు. ఆ సంగతి పార్వతమ్మకు చెప్పింది. పార్వతమ్మ కాసేపు ఆలోచించి, వేరే దేశంలో పట్టి ఉంటుందిలే అంది. మనుషులు ఒక కారణం పట్టుకున్నాక దాన్ని అంత తేలిగ్గా వదలరు.

ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకు పెద్ద నర్సు ఎస్తేరు సిస్టరు. బొద్దుగా ఉండేది, మెల్లగా మాట్లాడేది. నన్ను తిప్పి తిప్పి చూసి, ముక్కు దగ్గర వేలితో తడిమి, "ఇంత పొడుగు ముక్కుది ఈమధ్య చూళ్ళేదు. బుగ్గలోకి అందుతుంది. మంచిదే" అంది. నన్ను ఇరవై నిమిషాలు నీళ్ళలో మరిగించింది. నా ఒంట్లోని మిషను నూనె వాసన అప్పుడుగాని పోలేదు.

తర్వాత సిస్టరు హైమ ముందు కూర్చుంది. హైమ పిండిన పాలు నాలో పోసి, బిడ్డను నిలువుగా, తల కాస్త పైకి ఉండేట్టు ఆమె ఒడిలో కూర్చోబెట్టి, నన్ను ఆమె చేతికిచ్చింది. నేను ఆ నోటిని మొదటిసారి దగ్గరనుంచి చూశాను. పై పెదవి రెండుగా విడిపోయి ఉంది. మధ్యలోంచి లేత గులాబీ రంగు లోపలిదాకా కనిపిస్తోంది. ఆ బిడ్డకు అదేమీ తెలియదు. ఆకలి మాత్రం తెలుసు.

"ఇది పాలు పొయ్యడం కాదమ్మా" అంది సిస్టరు. "పాలు చూపించడం. తాగేది తను. కింది పెదవి పక్కన ఆనించు. ఒక్క చుక్క బుగ్గలోకి జారనీ. ఇప్పుడు ఆగు. గొంతు చూడు. కదిలిందా?"

కదిలింది. చిన్న గుటక. వినపడీ వినపడనట్టు.

"కదిలితే ఇంకో చుక్క. కదలకపోతే ఎంత తొందరున్నా ఆగాల్సిందే."

"ఎంతసేపు పడతాది సిస్టరుగారూ?"

"అరగంట. రెండు గంటలకోసారి. ఐదు కిలోలు రావాలి. వస్తే విశాఖలో పెదవి కుడతారు. ఏడాది దాటాక అంగిలి మూస్తారు. ఐదు కిలోలు రాకపోతే మత్తుమందు ఇవ్వరు."

అప్పుడు బిడ్డ రెండు కిలోల మూడువందల గ్రాములుంది.

హైమ చేతిలో నేను మొదట్లో సగం పాలు బిడ్డ గడ్డంమీదే ఒలకబోసేదాన్ని. వారం తిరిగేసరికి ఒలకడం తగ్గింది. ఇంటికి వచ్చాం. బిడ్డకు యమున అని పేరు పెట్టారు. దాలినాయుడికి ఆ పేరు ఎందుకో నచ్చింది, అంతే. నెల గడిచేసరికి ఆశా కార్యకర్త తూచి, మూడు కిలోలకు దగ్గర పడిందని చెప్పి వెళ్ళింది.

ఆ మర్నాడే అది జరిగింది. మధ్యాహ్నం వేళ. హైమకు నాలుగు రోజులుగా జ్వరం. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. తొందరగా కడుపు నింపితే పడుకుంటుందని, ఏడుస్తున్న నోట్లోకే హైమ నన్ను వంచేసింది. ఒక్క చుక్క కాదు, ఒక్క ధార. బిడ్డకు పొలమారింది. మా వైపు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు. ఆ బిడ్డకు నెత్తిన తట్టే వేళ దాటిపోయింది. ఏడుపు ఆగిపోయింది. పెదవులు నీలంగా మారాయి. నేను నేలమీద పడి దొర్లి, గోడవారన ఆగాను. అక్కణ్ణుంచే చూశాను. హైమ బిడ్డను ముంజేతిమీద బోర్లా వేసి వీపుమీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు ముక్కులోంచి పాలు, ఆ వెనకే ఏడుపు వచ్చాయి.

నరసమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి బిడ్డ ఏడుస్తోంది. హైమ ఏడవడం లేదు. బిడ్డను అత్త చేతిలో పెట్టి, "నాను పట్టను. నా సేత్తో నాను సంపుకోను" అంది. అంతే. ఆ మాట తర్వాత నన్ను ముట్టుకోలేదు. పాలు పిండి ఇచ్చేది, ఇచ్చి గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకునేది.

నరసమ్మ చూపుకు అంత సన్నటి కదలిక ఆనదు. గొంతు కదిలిందో లేదో ఆమెకు కనిపించదు. అందుకని పని దాలినాయుడి మీద పడింది. అతను పిల్లల్ని పొద్దున తొమ్మిదిన్నరకు బడిలో దింపేస్తే, మళ్ళీ మూడున్నర దాకా ఖాళీయే. మొదటిరోజు నన్ను పట్టుకున్నప్పుడు అతని వేళ్ళనిండా డీజిలు వాసన. నరసమ్మ తిట్టి రెండుసార్లు సబ్బుతో కడిగించింది. క్లచ్చి వదిలినంత మెల్లగా నన్ను వంచాడు. మెల్లగా వదలడం అతనికి చేతనైన పనే.

కాని ఊరికే ఆగడం చేతకాదు. చుక్కకూ చుక్కకూ మధ్య ఏం చెయ్యాలో తోచక, కూతురికి తన వ్యాను దారి చెప్పడం మొదలెట్టాడు.

"ఇది కోమటివీధి స్టాపు. ఇద్దరు ఎక్కుతారు. ఎక్కినారా? ఆఁ, ఎక్కినారు. పద. ఇది బియ్యం మిల్లు. ఒక గుంటడు ఎప్పుడూ లేటు. ఆగుదాం. వచ్చినాడా?"

గొంతు కదిలితే వచ్చినట్టు. స్టాపుకో గుటక. మొత్తం పద్ధెనిమిది స్టాపులు, రెండు ట్రిప్పులు వేస్తే గిన్నె ఖాళీ. వ్యానులో పిల్లలు ఎవరికెవరు అన్నదమ్ములో, ఎవరి టిఫిను ఎవరు తినేస్తారో అన్నీ నాకు అప్పుడే తెలిశాయి. గదిలో హైమ కూడా వినేదని నాకు తెలుసు. మొదట్లో తలుపు మూసి ఉండేది. నాలుగు రోజులకు ఓరగా ఉంది. వారానికి గడపమీద కూర్చుంది.

పదో రోజో, పదకొండో రోజో, దాలినాయుడు బియ్యం మిల్లు దాటి, పోస్టాఫీసు దాటి, "ఇది మన బడి" అన్నాడు.

"రైలుగేటు మరిసిపోనావు" అంది హైమ గడపమీంచి.

"అవున్లే. రైలుగేటు."

"అక్కడ ముగ్గురెక్కుతారు. ముగ్గుర్నీ వదిలేసి పోతే ఎలగ? ఇలా తే."

ఆమె వచ్చి కూర్చుంది. అతను బిడ్డను ఆమె ఒడిలో కూర్చోబెట్టి, నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి చల్లగా ఉంది. చాలాసేపు నన్ను వంచలేదు. పాలు చల్లారిపోతాయేమో అనుకున్నాను. చివరికి నా ముక్కు బిడ్డ బుగ్గకు ఆనించి, చూపు గొంతుమీద నిలిపి, ఒక చుక్క జార్చింది. రైలుగేటు దగ్గర ముగ్గురూ ఎక్కారు.

నాలుగో నెల చివర యమున ఐదు కిలోలా వంద గ్రాములు తూగింది.

విశాఖలో పెదవి కుట్టించుకుని వచ్చారు. పై పెదవి ఒక్కటిగా, దానిమీద నల్లటి దారం కుట్లతో బిడ్డ ఇంటికి వచ్చినరోజు హైమ ఆ ముఖాన్ని చూసి చూసి ఏడ్చింది. నవ్వితే ముఖమంతా విచ్చుకునే పాత నవ్వు ఇక లేదు. నరసమ్మకు అర్థం కాలేదు. "ఇప్పుడు అందరి పిల్లల్లాగ ఉన్నాది కదే, ఇంకేటికి ఏడుపు?" అంది. నాకు మాత్రం తెలుసు. ఆ పదిరోజులు తప్ప, నాలుగు నెలలు రోజుకు పన్నెండుసార్లు ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూసిన వాళ్ళం మేమిద్దరమే.

ఏడాదీ మూడు నెలలప్పుడు అంగిలి మూశారు. కుట్లు మానేదాకా నోట్లో చెంచా పెట్టకూడదన్నారు, కాబట్టి ఇంకో నెల నాకు పని దొరికింది. తర్వాత బీరువా పై అరలో పెట్టారు. ఈసారి మిషను నూనె పొయ్యలేదు.

బీరువాలోంచి మాటలు వినపడతాయి. యమునకు మాటలు వచ్చాయి గాని, గాలి ముక్కులోంచి పోయేది. తాత అనబోతే నాన అని వినపడేది. పాప అంటే మామ. తన పేరు మాత్రం గంటకొట్టినట్టు చెప్పేది. మాటలు నేర్పే ఆవిడ ఇంటికి వచ్చినప్పుడు దాలినాయుణ్ణి అడిగింది, ఈ పేరు ఎవరు పెట్టారని. "య, ము, న. ఈ మూడింటికీ నోట్లో గాలి బిగపట్టక్కర్లేదు. అంగిలి సరిగా లేని పిల్ల కూడా తేలిగ్గా పలికే పేరండీ" అంది. ఆ సాయంత్రం దాలినాయుడు ఎంతో ముందుచూపుతో ఆ పేరు పెట్టినట్టు నలుగురికి చెప్పుకున్నాడు.

మాట చాలావరకు దారికి వచ్చింది. తిండి రాలేదు. యమునకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ముందుపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి, వచ్చినవి తప్పుగా మూసుకున్నాయి. పై పళ్ళన్నీ కింది పళ్ళ లోపలికి పోయాయి. డబ్బాకన్నా మూత చిన్నదైనట్టు. ముందు వైపు పళ్ళు కలిసేవే కావు. మింగినప్పుడల్లా ఆ సందులోంచి నాలుక బయటికి తోసుకొచ్చేది, నాలుకతోబాటు మెతుకులు. బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర ఎదురుగా కూర్చున్న పిల్ల తన పళ్ళెం వెనక్కి లాక్కుందట. ఆనాటినుంచి యమున మధ్యాహ్నం తినడం మానేసింది. ఆకలి లేదని టీచరుకు చెప్పేది. ఇంటికి వచ్చి, వంటింట్లో తలుపు వెనక నిలబడి రెండు పూటల తిండి ఒక్కసారి తినేది. ఆ సంగతి కనిపెట్టడానికి హైమకు రెండు నెలలు పట్టింది.

పళ్ళ డాక్టరు పేరు నౌషీన్. ఆమె చెప్పినవన్నీ హైమ ఇంటికి వచ్చి అత్తకు అప్పజెప్పింది. అంగిలి కుట్టినచోట మచ్చ గట్టిపడి, పై దవడ వెడల్పుగా పెరగలేదు. పై పళ్ళకు లోపల ఒక తీగల ప్లేటు అంటిస్తారు. దాని మధ్యలో మర ఉంటుంది. రెండురోజులకోసారి చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పితే దవడ వెంట్రుకవాసి చొప్పున జరుగుతుంది. తిప్పాల్సింది ఇంట్లోవాళ్ళే.

"మరి నాలుకో?" అంది నరసమ్మ.

"నాలుక తప్పు లేదంట అత్తా. 'మీ పాప మింగడం తప్పుగా నేర్చుకోలేదు, చిల్లున్న అంగిలితో బతకడానికి ఎలా మింగాలో అలా నేర్చుకుంది. ఇప్పుడు చిల్లు లేదు, ఆ సంగతి నాలుకకి ఇంకా తెలీదు' అన్నాది డాక్టరమ్మ."

నాలుకకు ఆ సంగతి తెలియజెప్పడానికి ఒక పాఠం ఇచ్చారు. ఒక్క గుక్క నీళ్ళు నోట్లో పోసుకోవాలి. నాలుక కొన పై పళ్ళ వెనక గట్టుకు ఆనించాలి. పళ్ళు కలపాలి. పెదవులు బిగించకుండా మూయాలి. అప్పుడు మింగాలి. రోజుకు మూడుసార్లు, సారికి ఇరవై గుటకలు. గ్లాసుతో తాగితే నీళ్ళు ఎక్కువ పడి నాలుక పాత దారి పట్టేది. చెంచా ప్లేటుకు తగిలేది. అప్పుడు యమున స్టూలెక్కి బీరువాలోంచి నన్ను తీసింది. నేనెవరో అప్పటికి ఆమెకు తెలియదు. కొలతకు సరిపోయాను, అంతే.

సాయంత్రాలు వీధి అరుగుమీద పాఠం జరిగేది. ఒంటరిగా చెయ్యమంటే యమున చెయ్యదు. అందుకని నరసమ్మ కూడా కూర్చునేది.

"పళ్ళు కరిసి పట్టు నాన్నమ్మా."

"నాకు పళ్ళెక్కడున్నాయే, ఏటి కరవమంటావు?"

"సిగుళ్ళు కరువు."

నరసమ్మ చిగుళ్ళు కలిపి, కళ్ళు మూసుకుని, చాలా శ్రద్ధగా మింగేది. అరవై ఎనిమిదేళ్ళు మింగుతూ వచ్చిన మనిషి, మొదటిసారి ఆ పని ఎలా జరుగుతుందో గమనించుకుంది. మనుషులు పొద్దస్తమానం మింగుతూనే ఉంటారు. ఆ సంగతి వాళ్ళకు పొలమారినప్పుడు తప్ప గుర్తుండదు.

ఆరో వారంలో, అరుగుమీదే, యమున మింగిన నీళ్ళు ముక్కులోంచి కారాయి. ఎక్కువ కాదు, రెండు చుక్కలు. హైమ చూసింది. ఎనిమిదేళ్ళ కిందటి మధ్యాహ్నం ఆమె ముఖంలోకి తిరిగి వచ్చింది. లోపలికి వెళ్ళి మర తిప్పే తాళంచెవిని ఎక్కడో దాచేసింది. మర్నాడు తిప్పాల్సిన రోజు. తిప్పలేదు. ఆ మర్నాడూ తిప్పలేదు. దాలినాయుడు డాక్టరుకు ఫోను చేశాడు. కుట్టినచోట సూదిమొనంత సందు ముందునుంచే ఉండి ఉంటుంది, దవడ జరిగేసరికి బయటపడింది, ప్రాణభయం లేదు, దాన్ని తర్వాత మూయవచ్చు, రేపు ఒకసారి తీసుకొచ్చి చూపించండి అంది డాక్టరు. తీసుకెళ్ళి చూపించారు. చూసి, తిప్పవచ్చంది. అంతా విన్నాక కూడా హైమ తాళంచెవి తియ్యలేదు.

"నా వల్ల కాదు. ఆపేద్దాం. పళ్ళు ఎలగుంటే ఏటి" అంది.

యమున వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. నేను పిల్ల ఒడిలోనే ఉన్నాను.

"అమ్మా, నాను సెప్తాను. నువ్వు తిప్పు. నొప్పెడితే ఎడం సెయ్యి ఎత్తుతాను. ఎత్తితే ఆగిపో. ఎత్తకపోతే తిప్పు."

"నువ్వు ఎత్తేలోపే ఏటైనా అయితే?"

"అవదు. నాను పసిపిల్లనేటి? నాకు సెప్పడం వచ్చు కదా."

హైమ ఆ పిల్లను చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ గొంతు కదలికను చూసి చూసి కూతుర్ని అర్థం చేసుకున్న మనిషి ఆమె. అవతలివైపు నుంచి జవాబు వస్తుందన్న సంగతి, మర తిప్పాల్సినరోజు వచ్చేదాకా ఆమెకు తట్టలేదు. లేచి వెళ్ళి, పోపులడబ్బాలో ఆవాల కిందనుంచి తాళంచెవి తీసుకొచ్చింది. యమున తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. హైమ తిప్పింది. ఎడమ చెయ్యి లేవలేదు.

తర్వాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రోజూ అరవై గుటకలు. ఎనిమిది నెలలకు పై వరస కింది వరసను దాటి బయటికి వచ్చింది. ముందుపళ్ళు ఒకదానికొకటి ఆనాయి. ఒక ఆదివారం పార్వతమ్మ ఇచ్చిన జామకాయను యమున కోయకుండా ముందుపళ్ళతో కొరికింది. కాయమీద పళ్ళ గుర్తులు వరసగా పడ్డాయి. దాన్ని తినకుండా పట్టుకెళ్ళి తండ్రికి చూపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, మిగతాది తను తినేశాడు. బడిలో ఆమె మధ్యాహ్నం నలుగురితో కూర్చుని తింటోందని టీచరు ఫోను చేసి చెప్పింది. ఆ పళ్ళెం లాక్కున్న పిల్ల పక్కనే కూర్చుంటోందట. అంగిలిలోని సందు మాత్రం ఇంకా ఉంది. జలుబు చేస్తే మాట ఇప్పటికీ కాస్త ముక్కులోకి పోతుంది. పన్నెండో ఏట ఇంకో ఆపరేషను ఉంది.

యమునకు పదేళ్ళప్పుడు ఎస్తేరు సిస్టరు నుంచి హైమకు కబురొచ్చింది. పార్వతీపురం అవతలి కొండమీంచి సుక్కమ్మ అనే సవర తెగ పిల్ల వచ్చింది, పురిటిబిడ్డకు మొర్రి. బిడ్డ బతుకుతుందని ఎంత చెప్పినా నమ్మడం లేదు. పాలు పట్టడం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఒకసారి యమునను తీసుకురాగలరా అని.

ముగ్గురూ వెళ్ళారు. హైమ, నరసమ్మ, యమున. నేనూ వెళ్ళాను గాని, ఆ సంగతి యమునకు తప్ప ఎవరికీ తెలియదు. తను పసిదిగా నాతోనే తాగిందని అరుగుమీద నాన్నమ్మ చెప్పగా విని, నన్ను స్కూలు బ్యాగులో అడుగున పెట్టుకుంది.

సుక్కమ్మకు పందొమ్మిదేళ్ళుంటాయి. తెలుగు కొద్దిగా వచ్చు. సిస్టరు యమునను ముందుకు నిలబెట్టి, "ఈ పాపకూ ఇలాగే ఉండేది" అంది. సుక్కమ్మ లేచి కూర్చుని యమున పై పెదవిమీది సన్నటి గీతను వేలితో ముట్టుకుంది. యమున కదలకుండా నిలబడింది. తర్వాత అడగకుండానే నోరు తెరిచి అంగిలి చూపించింది. సుక్కమ్మ చాలాసేపు చూసింది. వార్డులో ఉన్న స్టీలు ఉగ్గుగిన్నె ముక్కు పొట్టిది, ఆ బిడ్డ బుగ్గలోకి అందడం లేదు. అది చూసి యమున బ్యాగు తెరిచి నన్ను తీసి సుక్కమ్మ ఒడిలో పెట్టింది.

నరసమ్మ కళ్ళు చికిలించి చూసి నన్ను గుర్తుపట్టింది. "అది మా అత్త కొన్నది. ఇచ్చేడానికి నీదేటే?"

"నా నోట్లోకి వచ్చింది కదా నాన్నమ్మా. నాదే."

నరసమ్మ హైమను చూసింది. హైమ చూపు సుక్కమ్మ బిడ్డమీదే ఉంది. నరసమ్మ వంగి నన్ను సుక్కమ్మ ఒడిలోంచి తీసుకుంది. వెనక్కి తీసుకుపోతుందనుకున్నాను. "మరిగించకుండా నోట్లో పెట్టేస్తాది ఇది. ఇరవై నిమిసాలు మరగాల" అంటూ నీళ్ళకోసం సిస్టరు గదివైపు నడిచింది.

ఆ మధ్యాహ్నం హైమ, సుక్కమ్మ మంచంమీద ఎదురెదురుగా కూర్చున్నారు. హైమకు సవర భాష రాదు. బిడ్డ గొంతుమీద వేలు పెట్టి చూపించింది. కదిలింది. అప్పుడు సుక్కమ్మ మణికట్టు పట్టుకుని, నాతోసహా, మెల్లగా వంచింది. మూడు చుక్కల తర్వాత తన చెయ్యి తీసేసింది. సుక్కమ్మ ఆగింది, చూసింది, తనే వంచింది. బస్సు వేళయిందని నరసమ్మ పిలిచేదాకా హైమ అక్కణ్ణుంచి లేవలేదు. వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఎవరూ నావైపు చూడలేదు. అందరూ ఆ బిడ్డనే చూశారు. చూడాల్సింది అదే.

ఇప్పుడు నేను కొండమీద ఉంటున్నాను. రేకుల ఇల్లు, వెనక జీడిమామిడి తోట. బిడ్డ మగపిల్లాడు, నాలుగు కిలోలు దాటాడు. పెదవి కుట్టడానికి పిలుపు ఇంకా రాలేదు. సుక్కమ్మ నన్ను రోజూ మరిగిస్తుంది. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఒక మాట అంటుంది, ఒక్కటే మాట, ప్రతిసారీ అదే. వాళ్ళ భాషలో అది నా పేరో, "తాగు" అని బిడ్డకు చెప్పడమో, నాకింకా తెలియలేదు.